ప్యూర్టోరికో పడమటి తీరం: ఈత రాని కుటుంబం డిసెంబరులో ఎక్కడ దిగాలి?

మీ ప్రశ్న ఇదీ. డిసెంబరు చివరి వారంలో న్యూజెర్సీ నుంచి ఆరు రోజులకు ప్యూర్టోరికో వెళ్లాలనుకుంటున్నారు. మీరిద్దరూ, ఐదేళ్ల పాప, విజిటర్ వీసా మీద వచ్చిన మీ అమ్మానాన్నలు. శాన్‌హువాన్ వద్దు, పడమటి వైపే చూడాలని ఉంది. ఎవరికీ ఈత రాదు. అమ్మగారు శాకాహారి, నాన్నగారికి మోకాళ్ల నొప్పి. రింకోన్‌లో సముద్రం ఒడ్డున ఒక ఇల్లు చూసుకున్నారు, బుక్ చేయాలా వద్దా అని అడిగారు. మీ హెచ్‌1బి స్టాంపింగ్ గడువు అయిపోయిందన్న టెన్షన్ కూడా రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. రింకోన్ ఇల్లు వదిలేయండి. కాబో రోహో మునిసిపాలిటీలో బొకెరోన్ చుట్టుపక్కల ఒక ఇల్లు తీసుకుని, మొదటి రాత్రి తప్ప మిగతావన్నీ అక్కడే ఉండండి. విమానం శాన్‌హువాన్‌కి కాకుండా, పడమటి తీరానికి ఉత్తర కొసనున్న అగ్వడియాకి చూసుకోండి. ఉత్తరం వైపు ఒక్క రోజు కారులో వెళ్లి చూసి రండి, నీళ్లలో మాత్రం దిగొద్దు.

నేను ఫార్మా ప్లాంట్లలో వ్యాలిడేషన్ పని చేస్తాను. ఆ పని మీదే ఈ తీరంలో నాలుగేళ్లు ఉన్నాను, మొదట మయగ్వెస్‌లో, తర్వాత కాబో రోహోలో. ఇప్పటికీ ఏడాదికోసారి కుటుంబంతో వెళ్తాను. మా అమ్మానాన్నలనీ, అత్తగారినీ, ఇద్దరు పిల్లలనీ ఇదే తీరంలో తిప్పాను కాబట్టి మీ ఇంటి పరిస్థితి నాకు బాగా అర్థమైంది.

వీసా సంగతి ముందే చెప్తే మిగతాది ప్రశాంతంగా చదువుతారు. ప్యూర్టోరికో 1898 నుంచి అమెరికా అధీనంలో ఉన్న భూభాగం. న్యూవార్క్ నుంచి అక్కడికి వెళ్లడం లోపలి ప్రయాణమే, ఫ్లోరిడా వెళ్లినట్టు. స్టాంపింగ్ గడువు అయిపోయినా ఇబ్బంది లేదు. అయితే మీ పాస్‌పోర్టు, ఐ-797 (హెచ్‌1బి ఆమోద పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు నమోదు), మీ అమ్మానాన్నల పాస్‌పోర్టులు, వాళ్ల ఐ-94 ప్రింటు చేతి సంచిలో ఉంచుకోండి. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో అధికారులు అడిగితే చూపించాలి. టికెట్ చవగ్గా ఉందని మధ్యలో ఇంకో దేశంలో ఆగే విమానం ఎక్కొద్దు. ఇక్కడి నుంచి పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్‌కి పడవలు వెళ్తాయి. సరదాకి కూడా అది ఎక్కొద్దు, ఎక్కితే అమెరికా దాటినట్టే.

ఇక రింకోన్ ఎందుకు వద్దన్నానో చెప్తాను. మ్యాపులో పడమటి తీరమంతా ఒకే గీతలా కనిపిస్తుంది కానీ, అక్కడ ఉన్నది ఒక సముద్రం కాదు. రింకోన్ దగ్గర పుంతా హిగ్వేరో అనే ముక్కు ఉంది. దానికి పైన, అంటే అగ్వడియా, ఇసబేలా వైపు, అట్లాంటిక్ ప్రతాపం. చలికాలంలో ఎక్కడో ఉత్తరాన తుపాను లేస్తే ఆ అలలు వేల కిలోమీటర్లు నడిచి ఇక్కడికొచ్చి విరుగుతాయి. తీరానికి ఉత్తరాన సముద్రంలో 8 కిలోమీటర్లకు పైగా లోతున్న అగాధం ఉంది. ఒడ్డు దగ్గర మెరక తక్కువ కాబట్టి అల బలం దారిలో తగ్గదు. అందుకే 1968లో ప్రపంచ సర్ఫింగ్ పోటీలు రింకోన్‌లో పెట్టారు. సర్ఫర్లకు నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ పండగ. ఈత రాని వాళ్లకు అదే కాలం ప్రమాదం. రింకోన్ ఊరికి దక్షిణం వైపు బీచ్‌లు కొంత నెమ్మదిగా ఉంటాయి కానీ, పెద్ద అలలున్న రోజున వాటినీ నమ్మలేం. పైగా అక్కడ ఇసుక కోతకు గురై చాలా చోట్ల అల నేరుగా ఇళ్ల గోడల్నే తాకుతుంది. 2017లో మరియా తుపానుకు కూలినవి నేను కళ్లారా చూశాను. మీరు చూసిన ఇంటి ముందు ఇవాళ ఇసుక ఎంత మిగిలిందో ఫొటోలో తెలియదు.

మయగ్వెస్ నుంచి కిందికి దిగితే సముద్రం స్వభావమే మారిపోతుంది. ప్యూర్టోరికోకీ డొమినికన్ రిపబ్లిక్‌కీ మధ్య మోనా జలసంధి ఉంది. కాబో రోహో వైపు దాని అడుగు చాలా దూరం మెరకగా ఉంటుంది. ఉత్తరపు అలకు రింకోన్ ముక్కు అడ్డం. డిసెంబరులో కూడా బొకెరోన్ అఖాతం చెరువులా నిలిచి ఉండటం చాలా సార్లు చూశాను.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. నేను వెళ్లిన మొదటి డిసెంబరులో మా టీమ్‌లోకి హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఆదివారం అందరం ఇసబేలాలోని హోబోస్ బీచ్‌కి వెళ్లాం. చూడ్డానికి అందమైన వంపు, ఒక పక్క రాళ్ల గుట్ట, జనం. బాపట్ల సూర్యలంకలో నడుం లోతు దాకా వెళ్లి నిలబడే అలవాటుతో అతనూ అలాగే దిగాడు. రాళ్ల పక్కన నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయని అటు జరిగాడు. ఆ ప్రశాంతమే ప్రవాహం. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ అటు నుంచే వెనక్కి పోతాయి కాబట్టి అక్కడ అల విరగదు. నిమిషం లోపల కాళ్ల కింద ఇసుక లేదు. బోర్డు మీద ఉన్న ఒక స్థానిక కుర్రాడు చూసి ఒడ్డుకు చేర్చకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ వణుకు. అక్కడ లైఫ్‌గార్డు లేడు. ఈ తీరంలో చాలా బీచ్‌లకు లైఫ్‌గార్డులు ఉండరు. 'బల్నియారియో' అని పేరున్న ప్రభుత్వ బీచ్‌లలోనే సాధారణంగా ఉంటారు. వెళ్లిన రోజున వాళ్ల గూడులో మనిషి ఉన్నాడో లేడో చూసుకున్నాకే పాపని నీళ్లలోకి దింపండి.

మీ ఐదుగురికీ సరిపడే నీళ్లు మూడు చోట్ల ఉన్నాయి. మొదటిది బొకెరోన్ బల్నియారియో. కొబ్బరిచెట్ల నీడ, స్నానానికి కుళాయిలు, మరుగుదొడ్లు, పార్కింగ్ అన్నీ ఉంటాయి. ఇసుక గట్టిగా, చదునుగా ఉంటుంది, నాన్నగారు చెప్పుల్లేకుండా నడవొచ్చు. రెండోది బుయే. చిన్నది, అందమైనది, నీడ ఎక్కువ, కానీ శని ఆదివారాల్లో కాలు పెట్టే చోటు ఉండదు. మూడోది కొంబాతే, పొడవాటి బీచ్, సూర్యాస్తమయానికి ఇదే నా మొదటి ఎంపిక. ఇల్లు మాత్రం బొకెరోన్ ఊరి నడిబొడ్డున వద్దు. గుల్లలు అమ్మే బళ్లు, బార్లు, పాటలు, వారాంతాల్లో అర్ధరాత్రి దాకా సందడే. రెండు మూడు కిలోమీటర్లు అవతల, బుయే దారిలో చూడండి.

కాబో రోహోలో మీరు తప్పకుండా చూడాల్సింది చివరి కొస. 301వ నంబరు రోడ్డు మీద దక్షిణానికి పోతే రోడ్డుకు పక్కన ఉప్పు మళ్లు వస్తాయి. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచే, తైనో అనే ఆదివాసుల కాలం నుంచే, అక్కడ ఉప్పు తీస్తున్నారు. ఉప్పు ముదిరిన మడిలో నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ ఉప్పులోనే బతికే సూక్ష్మజీవులు, నాచు, సన్నటి ఉప్పురొయ్యల వల్ల ఆ రంగు. చలికాలంలో ఉత్తరం నుంచి వలస వచ్చే పక్షులు వేల సంఖ్యలో ఇక్కడ దిగి ఆ రొయ్యల్ని తింటాయి. మా నాన్న ఉప్పు మళ్లున్న చినగంజాం పక్క ఊళ్లో పెరిగారు. కారు ఆపగానే ఆయన దిగి, మడి గట్టు మీద కూర్చుని, వేలితో ఉప్పు పొరని తట్టి, 'ఇంకో నాలుగు రోజులు ఎండితే గీకొచ్చు' అన్నారు. అప్పటిదాకా ఆ ప్రయాణంలో ఆయనకు ఏదీ తనది అనిపించలేదు, అక్కడ గంట సేపు కదల్లేదు. మీ పెద్దవాళ్లకు కూడా అంత సమయం ఇవ్వండి. ఫొటో దిగి వెళ్లిపోయే చోటు కాదు అది.

ఉప్పు మళ్లు దాటాక రోడ్డు మట్టిబాట అవుతుంది, గుంతలు ఎక్కువ, వాన పడితే నీళ్లు నిలుస్తాయి. కారు మెల్లగా పోనివ్వాలి. బాట చివర పార్కింగ్. అక్కడి నుంచి పైకి పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే లోస్ మొర్రియోస్ లైట్‌హౌస్. 1882లో స్పెయిన్ వాళ్లు కట్టారు. ఎరుపు కలిసిన సున్నపురాయి కొండ, దాదాపు 60 మీటర్ల కింద సముద్రం. కాబో రోహో అంటేనే 'ఎర్ర కొస' అని. అంచు దగ్గర చాలా చోట్ల కంచె లేదు, కింద రాయి తొలిచి బోలుగా ఉంటుంది. పాప చేయి వదలొద్దు, అంచుకు పది అడుగుల ఇవతలే ఆగండి. నాన్నగారికి ఎక్కడం కష్టమైతే ఆయన్ని పక్కనే ఉన్న ప్లాయా సూసియా ఒడ్డున కూర్చోబెట్టండి. ఆ పేరుకి 'మురికి బీచ్' అని అర్థం, కానీ ఈ దీవిలో అంత అందమైన వంపు నేను ఇంకోటి చూడలేదు. అక్కడ కూడా ప్రవాహాలు ఉంటాయి, చీలమండ లోతు చాలు. నీడ లేదు, కొట్లు లేవు, మంచినీళ్లు మీరే తీసుకెళ్లాలి. ఉదయం ఎనిమిదికి వెళ్తే ఎండ అంతగా తగలదు, బండి పెట్టడానికి చోటూ దొరుకుతుంది.

తప్పకుండా చూడాల్సిన రెండోది లా పర్గేరా, బొకెరోన్ నుంచి అరగంట. అక్కడి అఖాతంలో రాత్రి పూట నీళ్లు కదిలిస్తే నీలంగా వెలుగుతాయి. పైరోడినియం అనే ఏకకణ జీవి, తాకిడికి ఉలిక్కిపడి వెలుగు చిమ్ముతుంది. ప్యూర్టోరికోలో ఇలాంటి వెలిగే అఖాతాలు, అంటే బయోబేలు, మూడున్నాయి. వియేకెస్‌లోది అన్నిటికన్నా ప్రకాశవంతం, ఫహర్దోలోది రెండోది, లా పర్గేరాది వాటికన్నా మసక. ఊళ్లో దీపాలు, ఏళ్ల తరబడి తిరిగిన మోటారు పడవలు దాని వెలుగు తగ్గించాయి. అందుకని వద్దనను. కానీ రోజు సరిగ్గా ఎంచుకోవాలి. మొదటిసారి నేను పౌర్ణమికి రెండు రోజుల ముందు వెళ్లాను, మామూలు నీళ్లే కనిపించాయి. తర్వాత అమావాస్య రాత్రి మా పెద్దపాపతో వెళ్లాను. చేయి ముంచి తీసింది, వేళ్ల నుంచి చుక్కలు చుక్కలుగా వెలుగు రాలింది. ఇంటికొచ్చే దాకా అది మాట్లాడలేదు.

దీనికి మన పంచాంగం చాలు. బహుళ షష్ఠి దాటాక అయితే చంద్రుడు బాగా పొద్దుపోయాక వస్తాడు, ఏడు తొమ్మిది మధ్య చీకటే. శుక్ల పక్షంలో అయితే తదియ దాటకూడదు. మీ తేదీలు ఆ మధ్యలో పడకపోతే బయోబే డబ్బులు మిగుల్చుకుని, పగలు పడవ మీద మడ చెట్ల సందుల్లోకి వెళ్లండి. ఆ సన్నటి కాలువల్లో పెద్దవాళ్లకు నీడ, పిల్లకు పెలికాన్ పక్షులు. కయాక్ మీకు వద్దు, బల్లలున్న పడవ అడగండి, అందరికీ లైఫ్‌జాకెట్ వేయించండి. లా పర్గేరాలో బయోబే నీళ్లలో దూకి ఈదనిస్తారు, మిగతా రెండు చోట్లా నిషేధం. మీరు చేయి పెట్టి చూస్తే చాలు. ఆ రోజు చేతులకు, కాళ్లకు సన్‌స్క్రీన్, దోమల మందు రాసుకుని నీళ్లలో ముంచకండి, ఆ జీవులకు హాని.

మీకు తీరం మీద విసుగు వచ్చిన రోజున కొండెక్కండి. సబానా గ్రాందే నుంచి 120వ నంబరు రోడ్డు మరికావ్ వైపు మెలికలు తిరుగుతూ పోతుంది. పైన ప్రభుత్వ అడవి. అక్కడి నేల సర్పెంటిన్ రాయి, నికెల్, మెగ్నీషియం ఎక్కువ, చెట్లకు తిండి తక్కువ. అందుకే వానలు దంచుతున్నా చెట్లు పొట్టిగా, గట్టి ఆకులతో ఉంటాయి. 1972లో శాస్త్రానికి కొత్తగా పరిచయమైన ఒక చిన్న నలుపు తెలుపు పిట్ట ఈ దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, అది ఉండే కొద్ది చోట్లలో ఈ అడవి ఒకటి. ఊరు మరికావ్ కాఫీకి పేరు. మరియా తుపానుకు ఈ కొండల్లో కాఫీ చెట్లు చాలా వరకు నేలకూలాయి, రైతులు మళ్లీ నాటుకున్నారు. చెట్ల నీడన పెరిగే కాఫీ, అరటి మొక్కల మధ్య పెరడు, ఎండబెట్టిన గింజల వాసన. అరకు చూసిన వాళ్లకు కొత్తేమీ కాదు, కానీ అమ్మగారికి ఇల్లు గుర్తొస్తుంది. కారు పడని వాళ్లుంటే ముందే మాత్ర వేసుకోవాలి, మలుపులు అంత ఎక్కువ. మలుపు దగ్గర హారన్ కొట్టడం అక్కడి మర్యాద. చీకటి పడకముందే దిగిపోండి.

దిగేటప్పుడు సాన్ హెర్మాన్‌లో ఆగొచ్చు. శాన్‌హువాన్ తర్వాత ఈ దీవిలో అంత పాతది ఈ ఊరే. పోర్తా చేలీ అనే చిన్న చర్చి 17వ శతాబ్దం నాటిది, ముందు ఇటుక మెట్లు ఉన్నాయి. నాన్నగారు మెట్లు ఎక్కకపోయినా, కింద చౌకులో చెట్ల కింద కూర్చుంటే చుట్టూ పాత మిద్దెలు కనిపిస్తాయి. గంట చాలు.

మయగ్వెస్ గురించి రెండు ముక్కలు. జూ లేదు. పాత బ్లాగులు చూసి పిల్లల్ని ఆశపెట్టొద్దు. 2017 తుపాన్ల తర్వాత మూతపడింది, 2023లో జంతువుల్ని అమెరికా ప్రధాన భూభాగంలోని సంరక్షణ కేంద్రాలకు తరలించారు. ఊళ్లో చూడాల్సింది కొలంబస్ విగ్రహం ఉన్న చౌకు, తినాల్సింది బ్రాసో హితానో. మెత్తటి కేకు పలకలో జామ పేస్టు పెట్టి చుట్టింది. గుడ్డు ఉంటుంది, అమ్మగారు తింటారో లేదో అడిగి కొనండి.

ఉత్తరానికి పెట్టుకున్న ఒక్క రోజు ఇలా వాడండి. పొద్దున్నే ఇసబేలా వైపు వెళ్లి గ్వహతాకా సొరంగం చూడండి. ఒకప్పుడు చెరకు, మనుషులు ఎక్కిన రైలు వెళ్లిన సొరంగం, అవతలికి పోతే ఒక్కసారిగా సముద్రం. పాపకు ఇది బాగా నచ్చుతుంది. తర్వాత అగ్వడియాలో క్రాష్‌బోట్ బీచ్. ఇక్కడ ఒకప్పుడు అమెరికా వైమానిక స్థావరం ఉండేది, సముద్రంలో కూలిన విమాన సిబ్బందిని కాపాడే పడవలు ఉంచిన రేవు కాబట్టి ఆ పేరు. సాయంత్రానికి రింకోన్ లైట్‌హౌస్ పార్కు. పక్కనే గుండ్రటి గోపురం కనిపిస్తుంది, అది 1960లలో ప్రయోగంగా కట్టి, 1968లోనే ఆపేసిన అణు రియాక్టరు. దూరంగా దెసెచేయో దీవి, దాని వెనకాల సూర్యుడు. ఆ గట్టు మీద కూర్చుని అలల మీద సర్ఫర్లను చూడటమే మీకు రింకోన్. తిమింగలాలు జనవరి మధ్య నుంచి మార్చి దాకా బాగా వస్తాయి, డిసెంబరు చివర వాటి కోసం పడవకు డబ్బు పెట్టకండి.

గ్వానికా ఎండు అడవి కూడా దగ్గరే, 1981 నుంచి యునెస్కో జీవావరణ రిజర్వు. ముళ్ల చెట్లు, బ్రహ్మజెముడు, రాళ్లు, ఎండ. నాకు ప్రాణం, కానీ మోకాళ్ల నొప్పితో అక్కడ నడవలేరు. ఈసారికి వదిలేయండి.

ఇప్పుడు అమ్మగారి భోజనం. ఇది మీరు అనుకున్నంత కష్టం కాదు, కానీ 'వెజిటేరియన్' అంటే సరిపోదు. అక్కడ చాలామంది దృష్టిలో మాంసం అంటే ముక్క మాత్రమే. బీన్స్‌లో హామ్, అన్నంలో కోడి రసం, మొఫోంగోలో (వేయించి దంచిన అరటికాయ ముద్ద) పంది కొవ్వు కలిసిపోయి వస్తాయి. మా అత్తగారికి ఒకసారి అలాగే వచ్చింది, రెండు ముద్దలు తిన్నాక హామ్ తుంట తగిలింది. ఆ రోజంతా ఆమె ఏమీ తినలేదు. అప్పటి నుంచి ఈ మాట కాగితం మీద రాసి ఇస్తున్నాను: 'సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ మంతేకా, సిన్ కాల్దో దె పోయో'. మాంసం, హామ్, పంది కొవ్వు, కోడి రసం లేకుండా అని. ఆ ఊళ్ల వాళ్లకు ఓపిక ఎక్కువ, అర్థమయ్యేలా చెప్తే వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వస్తారు.

పచ్చి అరటికాయ రెండుసార్లు వేయించిన తొస్తోనెస్, పండిన అరటి వేపుడు అమరీయోస్, మొక్కజొన్న పిండితో చేసే సొరుయీతోస్, ఉడికించిన కర్రపెండలం మీద వెల్లుల్లి నూనె. వీటితో పూట గడుస్తుంది. ఏ నూనెలో వేయించారో అడగడం మరవొద్దు, చేపలు వేయించిన నూనే వాడుతుంటారు. వంటగది ఉన్న ఇల్లు తీసుకోమని నేను చెప్పేది అందుకే. ఇండియన్ కొట్టు దొరుకుతుందని ఆశపడకండి. పోపు డబ్బా, చింతపండు, కారం, ఒక చిన్న కుక్కర్ తీసుకెళ్లండి. మిగతావన్నీ అక్కడే ఉన్నాయి.

అదే నాకు అక్కడ దొరికిన ఆనందం. వాళ్ల క్రిస్మస్ అన్నంలో పడే 'గాందూలెస్' వేరే ఏమీ కాదు, మన కందులే. ఇండియాలో పుట్టి, ఆఫ్రికా మీదుగా కరీబియన్ చేరిన గింజ. డిసెంబరులో పచ్చి కందికాయలు ఒలిచి సంచుల్లో పోసి రోడ్డు పక్కన అమ్ముతారు. చేమదుంపల జాతి దుంప 'యౌతీయా', పెండలం 'న్యామె', సీమపనస 'పానా', లక్ష్మణఫలం 'గ్వనాబానా'. మా అమ్మ ఆ సంత చూసి ముందు నమ్మలేదు, తర్వాత మూడు రోజులూ పచ్చి కందుల కూర, సీమపనస వేపుడు చేసింది. మీ అమ్మగారిని శనివారం పొద్దున కూరగాయల బండి దగ్గరికి తీసుకెళ్లండి.

కారు విషయం. అమెరికా లైసెన్సు చెల్లుతుంది. అగ్వడియాలో కార్లు తక్కువ, క్రిస్మస్ వారానికి ఇప్పుడే బుక్ చేయండి, పాపకు కారు సీటు మీ ఇంటి నుంచే తీసుకెళ్లండి. దూరాలు కిలోమీటర్లలో, వేగం మైళ్లలో, పెట్రోలు లీటర్లలో ఉంటాయి, మొదటి రోజు కాస్త తికమక. అగ్వడియాకి వచ్చే విమానాల్లో కొన్ని అర్ధరాత్రి దాటాక దిగుతాయి. అలాంటిదైతే ఆ రాత్రి అగ్వడియాలోనే పడుకోండి. తెలియని గుంతల రోడ్డు మీద పెద్దవాళ్లతో గంటన్నర డ్రైవింగ్ ఆ వేళలో వద్దు.

ఇల్లు బుక్ చేసే ముందు యజమానిని రెండు ప్రశ్నలు అడగండి: 'ప్లాంతా ఉందా, సిస్తెర్నా ఉందా?' అంటే జనరేటరు, నీళ్ల ట్యాంకు. కరెంటు తరచూ పోతుంది, కరెంటు పోతే కొన్ని చోట్ల నీళ్లూ ఆగుతాయి. సోలార్ బ్యాటరీ ఉన్న ఇళ్లు ఇప్పుడు పెరిగాయి, దొరికితే అదే మేలు. దోమల మందు తప్పనిసరి, 2024లో అక్కడ డెంగీ ఎక్కువై ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. రాత్రి కిటికీ బయట 'కో-కీ, కో-కీ' అని వినిపిస్తే భయపడొద్దు, బొటనవేలంత కప్ప అది. పాపకు ముందే చెప్పి ఉంచండి.

వారంలో రోజుల లెక్క కూడా చూసుకోండి. శని ఆదివారాల్లో దీవి మొత్తం బీచ్‌కి వస్తుంది, సోమ మంగళవారాల్లో ఈ వైపు హోటళ్లు చాలా మూసి ఉంటాయి. డిసెంబరు 24 సాయంత్రం, 25, 31 రాత్రి, జనవరి 1 కూడా అంతే. కాబట్టి శని ఆదివారాలకు కొండలు, సాన్ హెర్మాన్ పెట్టుకుని, బీచ్‌లు మామూలు రోజులకు ఉంచండి. వంట సామాను ఆ సెలవులకు ముందే కొనేయండి. లైట్‌హౌస్ ఒక ఉదయం, లా పర్గేరా ఒక సాయంత్రం, ఉత్తరం ఒక పూర్తి రోజు, మిగతా పొద్దులన్నీ బొకెరోన్ నీళ్లలో. రోజుకు రెండు చోట్లు దాటితే నాన్నగారు అలసిపోతారు, పాప ఏడుస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో వ్యవసాయ శాఖ వాళ్లు సామాను స్కాన్ చేస్తారు. పచ్చి మామిడి, మామిడిపండ్లు, లక్ష్మణఫలం లాంటివి తీసుకెళ్లనివ్వరు. వేయించిన కాఫీ గింజలు తెచ్చుకోవచ్చు. మీ తేదీలు, విమానం వేళ ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, లా పర్గేరాకి ఏ రాత్రి సరిపోతుందో తిథి చూసి చెప్తాను.